జోడీ లేనిదే పెన్ను తెరుచుకోదు

నమోదు 1

శ్వాస శాఖవారికి. మీ దగ్గర పేరు నమోదైన ప్రతి వేపరూ, అంటే వేప్ పెన్నుతో ఆవిరి పీల్చే ప్రతివాడూ, తన అలవాటు గురించి సొంత మాటల్లో రాసుకుంటూ ఉండాలని, అడిగినప్పుడు చూపించాలని ఉత్తర్వు వేశారు కదా, అందుకని రాస్తున్నాను. రాయకపోతే నా పెన్నుకి తాళం పడుతుందని కింద చిన్న అక్షరాల్లో ఉంది. పేరు సూర్రావు. గోడపేటలో సముద్రపు గోడ కింద ఊరే నీటిని తోడిపోసే పంపులకి సూపర్వైజర్ని. ఒంటరివాణ్ణి.

"కోరిక కలగడానికి కారణం" అని ఒక ప్రశ్న ఇచ్చారు. ఈ రోజు కారణం మీ ఉత్తర్వే. పొద్దున్నే చదివాను, ఒళ్లు మండింది, చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

నేను చుట్టలు కాల్చే ఇంట్లో పుట్టాను. మీసాలు రాకముందే చుట్ట పట్టాను. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇంకో చుట్ట ముట్టిస్తే తన దగ్గరికి రావద్దని, తిన్నగా కాటికే పొమ్మని డాక్టరుగారు చెప్పేశాడు. అప్పుడు వేప్ పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది మీ శాఖే. ఆ సంగతి కూడా రాసుకోండి. మామిడి తాండ్ర రుచి ఉన్న రసం మీరే పోసి ఇచ్చారు, చుట్ట కన్నా ఇది నయం అని మీరే వీపు తట్టారు. ఇప్పుడు నన్ను దొంగలా చూస్తున్నదీ మీరే.

బయట ఎండకి మనిషి నిలవలేని కాలం వచ్చాక ఊరంతా ఒకే గాలి పీలుస్తోంది, నాకు తెలుసు. గొట్టాల్లో చల్లబరిచి ఇంటింటికీ పంపే గాలి అది. నేను వదిలింది పక్కింటివాళ్లు పీల్చాలి. అందుకే ఇంటింటికీ కప్పు మీద వాసన పసిగట్టే యంత్రం బిగించారు. దాన్ని మేం ముక్కు అంటాం. ముక్కు ఉండడం తప్పని నేను అనను. ఆ ముక్కు తెచ్చి నా నోట్లో పెట్టడమే నాకు నచ్చలేదు.

నమోదు 4

రుచులన్నీ తీసేశారు. తాండ్ర పోయింది, పుదీనా పోయింది, ఏలకులు పోయాయి. రుచులుంటే కుర్రకారు మరుగుతారట. సరే, కుర్రాళ్లకి వద్దు. ఏభై దాటిన నాకు తాండ్ర రుచి ఇస్తే ఏ కుర్రాడు చెడిపోతాడో ఎవరైనా చెబితే బాగుండును. ఇప్పుడిచ్చే రసం పీలిస్తే జ్వరంలో ఆవిరి పట్టించుకున్నట్టుంది.

మావాళ్లు ఊరుకుంటారా? బుగ్గన లవంగం పెట్టుకుని పీల్చడం మొదలెట్టారు. బాగానే ఉంది. వారం తిరిగేసరికి ఊళ్లో లవంగాలు లేవు. బిర్యానీ వండుకునేవాళ్లంతా మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టారు. ఆ తిట్లు మీ దాకా వచ్చాయి కాబోలు, నోట్లో లవంగం వాసన తగిలితే పెన్ను తెరుచుకోకుండా చేసేశారు.

అంతటితో ఆగారా? ముక్కులన్నిటినీ ఆవిరి గుప్పుమంటే మోగేంత చురుగ్గా చేశారు. నిన్న మా పంపుల క్యాంటీన్‌లో ఇడ్లీ పాత్ర మూత తీయగానే సైరన్ మోగింది. మీ ఇన్‌స్పెక్టర్ సుదర్శనం గారు పరుగెత్తుకొచ్చి, అక్కడున్నవాళ్లందరినీ వదిలేసి, తిన్నగా నా దగ్గరికి వచ్చి నోరు తెరవమన్నాడు. నా నోట్లో చట్నీ ఉంది.

ముక్కు సర్దుబాటు అయ్యేదాకా క్యాంటీన్‌లో ఇడ్లీ వండొద్దన్నారు. రోజూ ఉప్మా. పంపుల దగ్గర పనిచేసే ప్రతివాడూ ఉప్మా ముద్ద మింగుతూ నాకేసి చూస్తున్నాడు.

నమోదు 9

ఇది మరీ అన్యాయం. జోడీ నియమం అట.

ఇకమీదట ఎవరి పెన్నూ ఒంటరిగా తెరుచుకోదు. ఊరి చివర ఆవిరి గదిలో తప్ప ఎక్కడా పీల్చకూడదు. అక్కడికి కూడా ఇద్దరిద్దరుగా వెళ్లాలి. రెండు పెన్నులూ గోడకున్న పలకకి ఒకసారి తగిలించి, ఇద్దరూ ఒకేసారి పీలిస్తేనే రెండూ పనిచేస్తాయి. జోడీలో ఒకరు మానేసి పేరు తీయించుకున్నారో, రెండోవారి పెన్ను కూడా మూతపడుతుంది, పేరూ కొట్టేస్తారు. వారంపాటు రాకపోయినా అంతే. ఇంకో జోడీని ఇవ్వరు.

సుదర్శనం గారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి దీని గొప్పతనం చెప్పాడు. ఒక్కరు మానేస్తే ఇద్దరు మానేసినట్టేనట. శాఖవాళ్లు చప్పట్లు కొట్టారు. మేం కొట్టలేదు.

చీటీలు తీస్తే నా జోడీగా క్యాంటీన్ వంటామె మంగతాయారు వచ్చింది. ఉప్మాలో ఉప్పు ఎక్కువైందని నేను పై అధికారికి చెప్పినప్పటినుంచి ఆమె నాతో మాట్లాడ్డం లేదు. ఆమె కూడా చుట్ట మానడానికే పెన్ను పట్టిందని అప్పుడే తెలిసింది.

మొదటి రోజు ఇద్దరం ఆవిరి గదిలోకి వెళ్లి బయటికి వచ్చేసరికి ఎదురుగా నలుగురు నిలబడి నవ్వుతున్నారు. తలుపు వేసుకున్న గదిలోంచి ఒక ఒంటరివాడూ ఒక వితంతువూ వస్తే ఊరికి అంతకన్నా కాలక్షేపం ఏముంటుంది? నాకు తల కొట్టేసినట్టయింది. తాయారమ్మ మాత్రం తొణకలేదు. వాళ్లందరికీ వినపడేలా, "రేపు కూడా ఈ టయానికే వచ్చెయ్యండి అన్నయ్యగారూ" అంది. అప్పటిదాకా నేను ఆమెకి సూపర్వైజర్ గారిని. ఆ పూట నుంచి అన్నయ్యగారిని. నవ్వినవాళ్ల నోళ్లు మూతపడ్డాయి.

నమోదు 13

కోరిక కలగడానికి కారణం: అలవాటు. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

తాయారమ్మ చెడ్డమనిషి కాదు. వాళ్ల మామ్మ అడ్డపొగ తాగేదట, అంటే నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. నోట్లో నిప్పు పెట్టుకునే నడివీధిలో చేపలమ్మేదట, బేరం కూడా ఆడేదట. ఆవిడ మాట తలుచుకుని తాయారమ్మ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఈ నియమం వచ్చాక నేను నవ్విన మొదటి రోజు ఇదే.

తరవాత అసలు సంగతి చెప్పింది. ఆమెకి ఒక్కతే కూతురు, సుభాషిణి. మేడవరసలో ఉంటుంది, గోడ పైభాగాన బాగా వడకట్టిన గాలి వచ్చే ఇళ్లు అవి. ఇప్పుడు నెల తప్పిందట. పిల్ల పుట్టేలోగా మానెయ్యమని కూతురు పోరుతోందట, తనకీ మానేద్దామనే ఉందట.

ఆమె పేరు తీయించుకుంటే నా పెన్ను ఇనపముక్కే కదా. సంతోషం అనాల్సినవాణ్ణి, అనలేదు. "మానేస్తే మానెయ్యి తాయారమ్మా. మర్నాడే నేను చుట్ట ముట్టిస్తాను. డాక్టరు ఏమన్నాడో నీకు తెలుసుగా" అన్నాను. కోపంతో అన్నాను, కానీ అబద్ధం మాత్రం ఆడలేదు. చుట్టలు దొంగచాటుగా దొరుకుతూనే ఉన్నాయి, కాల్చుకోవడానికి గోడ కింద ముక్కులు లేని మూలలూ ఉన్నాయి. వాటికి జోడీ అక్కర్లేదు, పలక అక్కర్లేదు, చిట్టా రాయక్కర్లేదు.

ఆమె మర్నాడు వేళకి వచ్చి గది దగ్గర నిలబడింది. హమ్మయ్య అనుకున్నాను.

నమోదు 17

మా పంపుల మెకానిక్ ఏసుదాసు ఆస్పత్రిలో ఉన్నాడు. అతని జోడీ పేరు తీయించుకుని వెళ్లిపోయాడు. ఏసుదాసు కొన్నాళ్లు గోళ్లు కొరుక్కున్నాడు, తోటివాళ్లతో పోట్లాడాడు, చివరికి చుట్టకి దిగాడు. నాలాంటి ఊపిరే అతనిది కూడా. తాయారమ్మా నేనూ చూడ్డానికి వెళ్లాం. ముక్కుకి గొట్టం పెట్టారు. మమ్మల్ని చూసి చెయ్యి ఎత్తబోయాడు, లేవలేదు.

సుదర్శనం గారూ, మీ లెక్కలో ఏసుదాసు మానేసినవాడు. అతని పెన్ను మూతపడింది కదా మరి.

ఊళ్లో ఇప్పుడు ఏం జరుగుతోందో మీకు ఎవరూ చెప్పి ఉండరు. నేను చెబుతాను. ఎవరూ ఎవర్నీ మానెయ్యనివ్వడం లేదు. జోడీ మనసు మారుతుందేమోనని ఒకడు ఇంటికి మిఠాయి పంపిస్తున్నాడు. ఇంకొకడు జోడీ పిల్లలకి లెక్కలు చెబుతున్నాడు. మీరు మాన్పించడానికి పెట్టిన నియమం ఒకళ్ల అలవాటుకి ఇంకొకళ్లని కాపలా పెట్టింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? మొన్న పండుగప్ప చేప దొరికితే సగం కోసి తాయారమ్మకి పంపించాను. చేప బాగుందంది. ఎందుకు పంపానో ఇద్దరికీ తెలుసు.

నమోదు 18

రాయడానికి ఏమీ లేదు. ఈమధ్య తాయారమ్మ ఆవిరి వదిలితే గదంతా తెల్లగా కమ్ముకుంటోంది. నేను వదిలితే కనపడీ కనపడకుండా ఉంటుంది. ఆమె ఊపిరి గట్టిదని ముచ్చటపడ్డాను.

నమోదు 22

మళ్లీ ఉత్తర్వు. పసిపిల్లలున్న ఇళ్లకి నమోదైనవాళ్లు వెళ్లకూడదు. మేడవరస గేటు దగ్గరే పేర్లు చూస్తారు.

చదవగానే తాయారమ్మ గుర్తొచ్చింది. సుభాషిణికి కొడుకు పుట్టాడు. అమ్మమ్మవి కదా, మరి ఎలా అని అడిగాను. చూసొచ్చానని చెప్పింది. ముక్కు అచ్చం వాళ్ల తాతదేనట, జుట్టు ఒత్తుగా ఉందట. మరి గేటు దగ్గర ఆపలేదా అంటే, ఏదో తంటాలు పడ్డానని మాట తప్పించింది. నేను కూడా గుచ్చి అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం వేసింది కాబోలు. పెన్నులు పలకకి తగిలించాం, పీల్చాం, ఎవరి దారిన వాళ్లం పోయాం.

నమోదు 26

ఈ రోజు సుభాషిణి పంపుల దగ్గరికి వచ్చింది. నేను ఆమెని ఎప్పుడూ చూడలేదు. పంపు మోతలో వినపడదని వసారాలోకి రమ్మన్నాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు, కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"మీరేనా అండి మా అమ్మ చెప్పే అన్నయ్యగారు?"

నేనే అన్నాను.

"మా అమ్మ నా కొడుకుని ఇంతవరకూ ఎత్తుకోలేదండి. గేటు దగ్గర అద్దంలోంచి చూపించాను. ఏలితో అద్దం మీద నిమురుతా నిలబడిపోయింది."

ఆ ఉత్తర్వు నేను రాసింది కాదనబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మ మానేసి చాలా కాలమైందండి, నేను కడుపుతో ఉండగానే. అయినా రోజూ మీతో ఆ గదికి వత్తంది. పేరు తీయించుకుని వచ్చెయ్యమ్మా అంటే, నేను తీయించుకుంటే అక్కడొక మనిషి పోతాడే అంటంది."

అంతే చెప్పి వెళ్లిపోయింది. వెనకాల పంపు నీళ్లు అందక ఒట్టిగా తిరుగుతోందని కుర్రాళ్లు కేకేస్తే గాని నాకు తెలియలేదు.

నమోదు 27

వేళకి ఆవిరి గదికి వెళ్లాను. తాయారమ్మ వచ్చింది. పెన్నులు తగిలించాం. నేను పీల్చడం మానేసి ఆమెకేసి చూశాను. బుగ్గలు నిండాయి. గొంతు కదల్లేదు. అలాగే తెల్లగా వదిలేసింది. లోపలికి పోయివచ్చిన ఆవిరి అంత చిక్కగా ఉండదు, ఇన్నేళ్లు పీల్చినవాడికి ఆమాత్రం తెలియొద్దూ? నెలల తరబడి ఎదురుగా కూర్చుని ఊపిరి గట్టిదని మురిసిపోయాను.

మింగడం లేదుగా అన్నాను. ఆమె కాసేపు పెన్ను తుడుచుకుంది. మామ్మ నేర్పిన విద్యేనంది, ఆవిడ నోట్లో నిప్పే పెట్టుకున్నా పొగని గొంతు దాటనిచ్చేది కాదట. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

"చెప్తే మీరు ఎల్లిపొమ్మందురా అన్నయ్యగారూ?"

అనను. అననని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. సగం చేప పంపించినవాణ్ణి నేను.

"ఏసుదాసుని చూసొచ్చేక నాకు అన్నం దిగలేదండి. మీరు ఆ మంచం మీద ఉన్నట్టే కనపడేది. పిల్లోడు పెరుగుతాడు, ఎప్పుడో ఒకప్పుడు ఎత్తుకోవచ్చు అనుకున్నాను."

గదిలో ఇంకా ఆమె వదిలిన ఆవిరి తేలుతోంది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆమె మీదో, మీ మీదో, నా మీదో తేలక పెన్ను తీసుకుని బయటికి వచ్చేశాను.

నమోదు 29

మర్నాడే వెళ్లి పేరు తీయించుకున్నానని రాస్తే బాగుండేది. వెళ్లలేదు. ముందు సుదర్శనం గారి దగ్గరికి వెళ్లి బతిమాలాను. ఇంకో జోడీని ఇమ్మన్నాను, కుదరదన్నాడు. ఏసుదాసు కోలుకుంటే అతనితో కలపమన్నాను, మూతపడిన పేరు మళ్లీ తెరవరన్నాడు. ఒంటరిగా పీల్చుకుంటాను, కావాలంటే మీరే ఎదురుగా కూర్చోండన్నాను. నవ్వాడు. తను చేయగలిగింది ఏమీ లేదని, నియమం పైనుంచి వచ్చిందని చెప్పి టీ తెప్పించాడు. మనిషి మంచివాడే, అదే నాకు ఇంకా చిరాకు. తిడదామంటే తిట్టడానికి నోరు రాదు.

టీ తాగాను. పేరు తీసెయ్యమన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. మానేశారా అని అడిగాడు. మానలేదు, రేపు పొద్దున్న నాకు పిచ్చెక్కుతుంది, కానీ తీసెయ్యండి అన్నాను. అలా రాసుకోవడానికి వీల్లేదన్నాడు. మానేసినట్టే రాసుకుని, శాలువా కప్పి ఫొటో తీయించాడు. ఒక్క సంతకంతో ఇద్దరు విముక్తులయ్యారని పక్కవాళ్లకి చెప్పాడు. నా పెన్ను తీసుకుని సొరుగులో పడేశాడు.

నమోదు, లెక్కలో లేనిది

ఇక మీకు రాయాల్సిన పని లేదు. ఒళ్లు మండి రాస్తున్నాను.

పంపు చప్పుడు కూడా భరించలేకపోతున్నాను. ఒక కుర్రాణ్ణి అనవసరంగా తిట్టాను, తరవాత వాణ్ణి పిలిచి టీ ఇప్పించాను. బుగ్గలో ఎప్పుడూ లవంగం. ఇప్పుడు దానికి ఎవరి అడ్డూ లేదు, చూశారా మీ దయ.

నిన్న చుట్ట కొన్నాను. ముట్టించలేదు. చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. గోడ కింద ఎవరూ లేని చోట వాసన చూశాను, మా నాన్న గుర్తొచ్చాడు.

అప్పుడే తాయారమ్మ కనపడింది. మేడవరసకి మకాం మారుస్తోంది, చెప్పిపోవడానికి వచ్చింది. పేరు ఎందుకు తీయించుకున్నారని అడగలేదు, దండాలు పెట్టలేదు. నా జేబుకేసి ఒకసారి చూసింది.

"పిల్లోడికి అన్నప్రాసన చేత్తారండి, ఆరో నెల రాగానే. ఆళ్ల నాన్న వైపు బోలెడుమంది ఉన్నారు. మన వైపు ముద్ద పెట్టడానికి మగదిక్కు లేదు. మా అన్నయ్య వత్తాడని చెప్పేశాను."

నన్ను అడక్కుండా ఎలా చెబుతావన్నాను.

"గేటుకాడ ముక్కు ఉంటది. చుట్ట వాసన వారం దాకా పట్టేత్తదంట. మీ ఇట్టం" అని సంచి పట్టుకుని వెళ్లిపోయింది.

ఇది జోడీ నియమం కన్నా ఘోరం. దాన్నయితే తిట్టుకోవచ్చు. ఊట నీళ్ల గుంట దగ్గర చాలాసేపు నిలబడి చుట్టని అందులోకి విసిరాను. అది వెళ్లి పంపు జల్లెడకి అడ్డం పడింది. పంపు ఆగింది. దిగి నేనే తీయాల్సి వచ్చింది. తడిసి పిప్పి అయిపోయింది, ఇక కాల్చడానికి పనికిరాదు. కాసేపు బాధపడ్డాను కూడా.

నమోదు, ఇదే ఆఖరు

కోరిక కలగడానికి కారణం: మేడవరస గేటు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. ఇన్ని నెలల్లో ఒక్క చుట్టా ముట్టించలేదు, అయినా ఆ ముక్కు కింద నిలబడి చొక్కా వాసన చూసుకున్నాను. పాత పాపాలు కూడా పసిగడుతుందేమోనని బిక్కచచ్చిపోయాను. అది మోగలేదు. తలుపు తెరుచుకుంది.

సుభాషిణి ఎదురొచ్చి కుర్చీ వేసింది. ఆరోజు లాగే ముభావంగా ఉంది. పిల్లాణ్ణి తెచ్చి నా ఒళ్లో పెట్టి, "తాతయ్యరా" అంది. వాడు నా జేబులో చెయ్యి పెట్టి వెతికాడు. లవంగాలు దొరికాయి. వెండి గిన్నెలో పాయసం ఇచ్చారు. వేలితో కాస్త తీసి వాడి నోట్లో పెట్టబోయాను.

సైరన్ మోగింది.

హాలు హాలంతా నాకేసి తిరిగింది. వాళ్ల నాన్న వైపు ఆడవాళ్లు పిల్లాణ్ణి లాక్కోవడానికి లేచారు. కింద వీధిలోంచి ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడు వినపడుతోంది. ఒక చేత్తో పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుని, వేలి మీద పాయసం అలాగే ఉండగా, అందరికీ కనపడేలా నోరు బార్లా తెరిచాను.

వంటింట్లోంచి తాయారమ్మ గొంతు వినపడింది.

"మా అన్నయ్య కాదండి బాబూ. ఇడ్లీలు."